ప్రతిసారీ నేనే తగ్గాలా? అక్కతో సమాధానపడటం గురించి నాకు తెలిసింది

వందనాలు సిస్టర్. మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారు హాస్పిటల్‌లో ఉన్నప్పుడు ఖర్చులన్నీ మీ చేతి మీద నడిచాయి, ఆయన పోయాక లెక్కల దగ్గర మీ అక్క అందరి ముందూ మీరు డబ్బు నొక్కేశారని అంది, మీరూ ఏదో అన్నారు, అప్పట్నించి మూడేళ్ళుగా మాటల్లేవు. మధ్యలో ఒకసారి మెసేజ్ పెట్టారు, సమాధానం రాలేదు. ఇప్పుడు ప్రభు బల్ల (చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం) తీసుకునే ప్రతిసారీ లోపల గుచ్చుకుంటోంది, పాస్టర్ గారేమో త్యాగపూరితమైన ప్రేమ గురించి నాలుగు వారాలుగా వరసగా చెప్తున్నారు. మీరడిగింది ఒకటే, "త్యాగం అంటే ప్రతిసారీ నేనే తగ్గాలా, తప్పు చేసింది తనైతే?"

నేను పాస్టర్‌ని కాదు. ఇరవై ఏళ్ళ పైనే సంఘ పెద్దగా ఉన్నాను, ఇన్నేళ్ళలో వాక్యం చెప్పిన గంటలకంటే గొడవపడ్డ ఇద్దరి మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్న గంటలే ఎక్కువ. వాటిలో చాలావరకు అతకలేదు, అది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే సాక్ష్యాలు చెప్పేటప్పుడు అందరూ అతికిన కథలే చెప్తారు.

నా జవాబు ఏంటంటే వెళ్ళడం మీ పని, అతకడం మీ ఇద్దరి పని. వెళ్ళడమూ తగ్గడమూ ఒకటే అనుకుంటున్నాం కాబట్టే ఇంత బాధ.

బైబిల్లో మత్తయి సువార్త 5వ అధ్యాయం 23, 24 వచనాలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి, బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తుంటే నీ సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు. ఇది మనం ఎంత తేలిగ్గా చదివేస్తామో! యేసు ఈ మాట చెప్పింది గలిలయలో. బలిపీఠం ఉన్నది యెరూషలేములో, ఒక్క చోటే. మధ్యలో వంద కిలోమీటర్లకి పైనే దూరం, కాలినడకన మూడు నాలుగు రోజుల ప్రయాణం. అంటే వింటున్న గలిలయ రైతుకి అర్థమయ్యేది ఏంటి, అంత దూరం నడిచి వచ్చి, క్యూలో నిలబడి, నీ వంతు వచ్చాక గుర్తొస్తే, గొర్రెపిల్లని అక్కడే వదిలేసి, ఇంటికి తిరిగి నడిచి, గొడవ తీర్చుకుని, మళ్ళీ నడిచి రా అని. (ఆ వారం రోజులు ఆ గొర్రెపిల్లకి మేత ఎవరు వేస్తారని ఒకసారి సండే స్కూల్లో ఒక పిల్లాడు అడిగాడు, నా దగ్గర జవాబు లేదు.) వింటున్నవాళ్ళు నవ్వుకునే ఉంటారు, కానీ విషయం మాత్రం తలకెక్కి ఉంటుంది.

ఇంకో సంగతి చూడండి. అక్కడ "నీ సహోదరుడి మీద నీకు కోపం ఉంటే" అనలేదు, "అతనికి నీ మీద ఏదైనా ఉంటే" అన్నాడు. అతని కంప్లైంట్ న్యాయమైనదా కాదా అన్నది అసలు మాట్లాడలేదు. అదే మత్తయి 18:15కి వెళ్తే సీన్ రివర్స్, నీ సహోదరుడు నీ పట్ల తప్పు చేస్తే నువ్వు వెళ్ళి, అతనూ నువ్వూ ఒంటరిగా ఉన్నప్పుడు, అతనికి చెప్పు అంటాడు. తప్పు నాదైతే నేను వెళ్ళాలి, తప్పు తనదైనా నేనే వెళ్ళాలి. నేను ఈ రెండు భాగాలూ పక్కపక్కన పెట్టి చదివిన రోజు కొంచెం చిరాకేసింది, నిజం చెప్పాలంటే. ఎటు తిప్పినా కాళ్ళు నావే.

ఎందుకలా? రోమా 5:10 చూడండి, మనం శత్రువులుగా ఉన్నప్పుడే దేవుడితో సమాధానపరచబడ్డాం అంటాడు ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు. అంటే అన్యాయం జరిగినవాడే బయల్దేరి వచ్చాడు. 2 కొరింథీ 5లో సమాధానపరచడం అని రాసిన చోట గ్రీకు మాట కటల్లాస్సో, దాని మూలంలో మార్పిడి అనే అర్థం ఉంది, డబ్బు మార్చుకోవడానికి కూడా వాడిన మాటే. మార్పిడి కాబట్టి ఎవరో ఒకరి జేబులోంచి ఏదో పోవాలి, ఊరికే అయిపోదు. మీరు అడిగిన త్యాగం అక్కడుంది.

ఇప్పుడు కష్టమైన భాగం. మన సంఘాల్లో మూడు విషయాల్ని ఒకే మూటలో కట్టేస్తాం, క్షమించడం, సమాధానపడటం, మళ్ళీ మునుపటిలా నమ్మడం. దాంతో "క్షమించావా? మరి ఎందుకు మాట్లాడట్లేదు? మాట్లాడుతున్నావు కదా, మరి ఎందుకు డబ్బు ఇవ్వట్లేదు?" అని అడుగుతారు. క్షమించడానికి మీ అక్క పర్మిషన్ అక్కర్లేదు, తను బతికి ఉండక్కర్లేదు కూడా, అది మీకూ దేవుడికీ మధ్య జరిగేది. సమాధానపడటానికి ఇద్దరు కావాలి. నమ్మకానికి ఇద్దరితో పాటు టైమ్ కూడా కావాలి. రోమా 12:18లో పౌలు ఎంత జాగ్రత్తగా రాశాడో, "శక్యమైతే", ఆపైన "మీ చేతనైనంత మట్టుకు". రెండు షరతులు ఒకే వాక్యంలో! ఆయనకి అనుభవం ఉంది మరి, మార్కు అనే సహాయకుణ్ణి వెంట తీసుకెళ్ళాలా వద్దా అని తోటి పరిచారకుడు బర్నబాతో ఎంత తీవ్రంగా గొడవైందంటే ఇద్దరూ వేరువేరు దార్లు పట్టారు, అపొస్తలుల కార్యములు 15లో దాచకుండా రాసేశారు. ఎన్నో ఏళ్ళ తర్వాత 2 తిమోతి చివర్లో అదే పౌలు మార్కుని వెంటబెట్టుకుని రా, పరిచర్యకి నాకు పనికొస్తాడు అంటాడు. మధ్యలో ఏం జరిగిందో ఎక్కడా లేదు. నాకైతే ఆ ఖాళీ చాలా ధైర్యమిస్తుంది.

త్యాగం పేరు చెప్పి నోరు మూసుకోమనే బోధ ఒకటి ఉంది చూశారా, అది లేవీయకాండం 19 చదవనివాళ్ళ బోధ. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అనేది 18వ వచనం. దానికి ముందు 17వ వచనం ఏంటంటే, నీ సహోదరుడి మీద మనసులో పగ పెట్టుకోకు, నీ పొరుగువాణ్ణి తప్పక గద్దించు అని. అంటే మనసులో కుక్కుకోవడం ప్రేమ కాదని ప్రేమ ఆజ్ఞకి పక్కనే రాసి ఉంది. మీరు మూడేళ్ళుగా చేస్తున్నది, ఏమీ అనుకోకండి, ఆ కుక్కుకోవడమే, దానికి క్షమాపణ అని పేరు పెట్టుకున్నారంతే.

మత్తయి 18 చివర్లో అప్పుల ఉపమానంలో ఒక లెక్క వేసి చూడండి. మొదటి దాసుడు రాజుకి పడ్డ బాకీ 10,000 తలాంతులు, రాజు అదంతా మాఫీ చేశాడు. ఒక తలాంతు దాదాపు 6,000 దేనారాలు, ఒక దేనారం ఒక రోజు కూలి. అంటే 6 కోట్ల రోజుల కూలి, ఏడాదికి 300 రోజులు పని దొరికినా 2 లక్షల ఏళ్ళు పడుతుంది. రెండోవాడు ఇతనికి బాకీ పడింది 100 దేనారాలు, దానికే ఇతను వాడి మెడ పట్టుకున్నాడు. ప్రసంగాల్లో ఈ వందని "చిల్లర" అని కొట్టిపారేస్తారు, నాకు నచ్చదు. వంద రోజుల కూలి అంటే మూడు నెలల పైన సంపాదన, ఏ ఇంట్లోనైనా అది పెద్ద డబ్బే. యేసు మీ గాయం చిన్నదని అనట్లేదు సిస్టర్. అందరి ముందూ దొంగ అనిపించుకోవడం వంద దేనారాల బాకీయే, నిజమైన బాకీ. కాకపోతే ఆ కాగితం పట్టుకుని మెడ పిసకొద్దంటున్నాడు.

ఇక నా సంగతి ఒకటి చెప్తా, ఎందుకంటే ఇది వాక్యాలతో తేలే విషయం కాదు.

మా తమ్ముడు వ్యాపారానికి డబ్బు సర్దుకుంటున్న రోజుల్లో, వాడి మావగారు, బావమరుదులు అందరూ కూర్చుని ఉండగా, "వీడికి డబ్బు ఇస్తే బూడిదలో పోసినట్టే" అని నవ్వుతూ అనేశాను. అది జోక్ అనుకున్నా. వాళ్ళు డబ్బు ఇవ్వలేదు, వాడు నాతో మాట మానేశాడు. ఏడాది తర్వాత సంఘంలో నేనే ఈ మత్తయి 5 మీద మాట్లాడాల్సి వచ్చి, ముందురోజు రాత్రి ఫోన్ చేశాను. "ఒరేయ్, నా మాటలకి నీకు బాధ కలిగుంటే సారీరా" అన్నా. అటు నుంచి ఒకటే మాట, "కలిగుంటే ఏంటన్నయ్యా?" ఫోన్ పెట్టేశాడు. మర్నాడు వాక్యం బాగానే చెప్పాను, అందరూ బాగుందన్నారు కూడా.

ఇంకో ఆర్నెల్లకి వాడింటికే వెళ్ళాను. మరదలు తలుపు తీసి, మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. నోరు ఎండిపోయి గ్లాసు మొత్తం ఒక్క గుక్కలో తాగేశా. వాడు కూర్చోలేదు, బైక్ తాళం వేలికి తగిలించుకుని తిప్పుతూ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఈసారి ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళాను, "మీ మావగారి ముందు నీ పరువు తీశాను. ఆ మాట అనే హక్కు నాకు లేదు. నువ్వు అడిగేదాకా ఆగకుండా నేనే అడుగుతున్నా, నన్ను క్షమించు" అంతే, దాని తర్వాత కానీ, అయితే, నువ్వు మాత్రం అనేవి లేకుండా. వాడు తాళం తిప్పడం ఆపాడు. "వాళ్ళ ముందు అన్నావు. నాకేమో ఇక్కడ గదిలో చెప్తున్నావు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే వాడు చెప్పింది కరెక్ట్. సంఖ్యాకాండం 5:7లో తప్పు చేసినవాడు ఒప్పుకోవడంతో ఆగకూడదు, పోయిందంతా తిరిగిచ్చి ఐదో వంతు కలిపి ఇవ్వాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య అయితే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. పరువుకి ఐదో వంతు ఎలా కడతారు? వాడి మావగారి ఇంటికి వెళ్ళి, ఆ ముగ్గురు మగవాళ్ళ ముందు, అప్పుడు నేనన్నది తప్పు, నేను తెలియక వాగాను అని చెప్పాను. దాని ముందు నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. సిలువ గురించి ఎన్నోసార్లు మాట్లాడిన మనిషిని, ఒక సోఫా మీద కూర్చుని నాలుగు వాక్యాలు చెప్పడానికి చెమటలు పట్టాయి. త్యాగపూరితమైన ప్రేమ అంటే పెద్ద పెద్దవేవో ఊహించుకుంటాం గానీ, 1 యోహాను 3లో 16వ వచనం ప్రాణం పెట్టడం గురించి చెప్తే, 17వ వచనం వెంటనే ఇబ్బందిలో ఉన్న సహోదరుణ్ణి చూసి డబ్బు తియ్యనివాడి గురించి మాట్లాడుతుంది. యోహాను అంత తొందరగా నేలమీదికి దిగిపోతాడు.

ఇంతకీ మీ విషయంలో తప్పంతా అక్కదే కదా అంటారు. కావచ్చు. కానీ మీ ఉత్తరంలో అక్క ఏమందో మాట మాటా రాశారు, మీరు తిరిగి ఏమన్నారో "ఏదో అన్నాను" అని వదిలేశారు. నేను అది గమనించాను, ఏమీ అనుకోకండి, ఈ పనిలో చెవులు అక్కడికే వెళ్తాయి.

ఒక హెచ్చరిక, ఇది మీకు కాదు, ఇది చదివే ఇంకెవరికైనా. కొట్టే భర్త, వేధించే మనిషి, ప్రాణానికి ముప్పు ఉన్న ఇల్లు, ఇలాంటి చోట "వెళ్ళి సమాధానపడు" అని ఎవరైనా పంపిస్తే ఆ సలహా వినొద్దు. దావీదు కథ తీసుకోండి. 1 సమూయేలు 26లో, తనని చంపాలని వెంటాడుతున్న రాజు సౌలు నిద్రపోతుంటే దావీదు చంపకుండా ఈటె తీసుకుని వచ్చేశాడు. సౌలు కరిగిపోయి, నాయనా తిరిగి రా, ఇంక నీకు కీడు చెయ్యను అన్నాడు. దావీదు ఏమన్నాడు? ఇదిగో రాజుగారి ఈటె, ఎవరినైనా పంపి పట్టుకెళ్ళమనండి అన్నాడు. తను దాటి వెళ్ళలేదు! చంపలేదు, పగ పట్టలేదు, ఈటె తిరిగిచ్చాడు, దూరం మాత్రం అలాగే ఉంచాడు. చివరి వచనంలో అతని దారిన అతను, సౌలు తన చోటికి. ఒకప్పుడు పగతో విడిపోయిన అన్నదమ్ములు యాకోబు ఏశావుల కథా అంతే, మెడ మీద పడి ఏడ్చారు, అది నిజమైన సమాధానమే, ఆ తర్వాత ఏశావు శేయీరుకి, యాకోబు సుక్కోతుకి. ఒకే ఇంట్లో ఉండాలని రూలేమీ లేదు.

చట్టం విషయం కూడా అంతే, క్షమించానంటే కేసు వదిలెయ్యాలని కాదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గారినీ, 10, 6 ఏళ్ళ ఇద్దరు కొడుకుల్నీ వాహనంలో పడుకుని ఉండగా తగలబెట్టారు. భార్య గ్లాడిస్ గారు చంపినవాళ్ళని క్షమిస్తున్నానని చెప్పారు, కుష్ఠు రోగుల మధ్య పని కొనసాగించారు. కోర్టు తన పని తను చేసింది, సుప్రీంకోర్టు 2011లో ప్రధాన నిందితుడి జీవిత ఖైదుని ఖరారు చేసింది. ఆమె క్షమాపణ దానికి అడ్డం రాలేదు, ఆ శిక్ష ఆమె క్షమాపణని తగ్గించలేదు.

సరే, మీరు వెళ్ళాలనుకుంటే ఎలా అన్నది. ముందు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఏమీ పెట్టకండి, వచనాలు కూడా. ముఖ్యంగా వచనాలు. ఎవర్ని ఉద్దేశించి పెట్టారో అందరికీ తెలిసిపోతుంది. మత్తయి 18 ఒంటరిగా అనే మొదలుపెట్టింది, ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్ళడం రెండో మెట్టు, సంఘం మూడోది. మనవాళ్ళు మూడోదానితో మొదలుపెడతారు. తను ఒక్కతే ఉండే టైమ్ చూసుకోండి, వస్తున్నానని ముందే చెప్పండి, సర్‌ప్రైజ్‌గా వెళ్తే మనిషి గోడ కట్టేసుకుంటుంది.

హాస్పిటల్ బిల్లులు ఉంటే తీసుకెళ్ళండి గానీ మొదటి రోజు బయటికి తియ్యకండి. ఇది చాలామంది ఒప్పుకోరు, నిజం నిరూపించుకోవాలి కదా అంటారు. నిరూపించుకోవచ్చు, తర్వాత. యేసుని పట్టుకున్న రాత్రి ఆయనెవరో తెలియదన్న శిష్యుడు పేతురుతో, యోహాను 21లో యేసు ఏ వరసలో చేశాడో చూడండి. ఒడ్డున బొగ్గుల మంట, దాని మీద చేపలు, ముందు రండి తినండి అన్నాడు. తిన్నాకే ప్రశ్న. అసలు ప్రశ్న తప్పించలేదు, మూడుసార్లు తెలియదన్నవాణ్ణి మూడుసార్లు అడిగాడు, పేతురు నొచ్చుకున్నాడు కూడా. పేతురు తెలియదన్న రాత్రి కూడా బొగ్గుల మంట దగ్గరే నిలబడి చలి కాచుకుంటున్నాడు, యోహాను 18:18. ఆ వాసనకే అతనికి అంతా గుర్తొచ్చి ఉంటుందని నా ఊహ. విషయం దాటెయ్యకూడదు, కానీ ఆకలితో ఉన్నవాణ్ణి నిలదియ్యకూడదు.

డబ్బు దగ్గర నిజంగానే లెక్క తేలకపోతే, అంటే ఎవరికీ రసీదు లేని మొత్తం ఏదైనా ఉంటే, ఫిలేమోను పత్రిక ఒకసారి తెరవండి. 25 వచనాలే. ఫిలేమోను దగ్గర్నించి పారిపోయిన దాసుడు ఒనేసిముని వెనక్కి పంపుతూ, అతను నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో రాసుకో, నేనే తీరుస్తానని పౌలు తన చేత్తో రాసిచ్చాడు. జైల్లో ఉన్న మనిషి! మీరు దొంగతనం ఒప్పుకోవక్కర్లేదు, అది అబద్ధం అవుతుంది, అబద్ధం మీద కట్టిన సమాధానం నిలబడదు. కానీ "ఆ ఇరుక్కుపోయిన మొత్తం నేను వదులుకుంటున్నా" అనడం వేరే మాట. చెయ్యగలిగితే చెయ్యండి, చెయ్యలేకపోతే లేదు, దీనికి ఎవరూ మిమ్మల్ని బలవంతపెట్టకూడదు, నేను కూడా.

తను తలుపు తియ్యకపోతే? యేసు తనని అప్పగించబోయే శిష్యుడు యూదా కాళ్ళు కూడా కడిగాడు, యోహాను 13లో యూదా బయటికి వెళ్ళేది ఆ తర్వాతే. కడిగినంత మాత్రాన యూదా మారలేదు, మారలేదు కాబట్టి కడగడం దండగ అని ఎవరూ అనరు. మీరు వెళ్ళొచ్చారనుకోండి, మీ చేతనైనంత మట్టుకు అయిపోయింది, ఇక మీరు ప్రభు బల్ల దగ్గర తల దించుకోవాల్సిన పని లేదు. నా లెక్కలో ఆ తర్వాత ఏడాదికి ఒకసారి పలకరింపు చాలు, వెంటపడొద్దు.

మీ ఉత్తరంలో "సమాధానం రాలేదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. బయట ఆ మాటకి జవాబు అని అర్థం, మన బైబిల్లో శాంతి అని. మీరు మెసేజ్ పెట్టి మొదటి రకం సమాధానం కోసం ఎదురుచూశారు, అది రాకపోయేసరికి రెండోది కూడా లేదనుకున్నారు. మా తమ్ముడు ఇప్పటికీ "క్షమించా అన్నయ్యా" అని నోటితో అనలేదు. నేను వాళ్ళ మావగారింటికి వెళ్ళొచ్చిన కొన్ని నెలలకి వాడి పాపకి రాత్రి పదకొండింటికి జ్వరం ఎక్కువైతే నాకు ఫోన్ చేశాడు, బండి తీసుకుని రమ్మని. దారిలో జ్వరం గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు.

మీరు ఇవాళ చెయ్యగలిగింది ఒకటుంది. ఆ రోజు మీ అక్కతో మీరన్న ఆ మాటేదో ఒక కాగితం మీద ఉన్నదున్నట్టు రాయండి, "ఏదో" అని కాకుండా. నాకు పంపక్కర్లేదు. రాశాక కూడా వెళ్ళాలనిపిస్తే అప్పుడు మళ్ళీ రాయండి, తలుపు తియ్యగానే ఏమనాలో కూర్చుని ఆలోచిద్దాం.